‘సొంత కారణాల వల్ల’ అని రాసే ముందు

మీ ప్రశ్న – నా జవాబు

ప్రశ్న: అమ్మా, నాకు 32 ఏళ్ళు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. కొర్లగుంటలో రెండో అంతస్తులో అద్దెకుంటాం. బాబు ఒకటో తరగతి, పాపకు ఇరవై నెలలు. పాపను మా అత్త చూసుకుంటుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగలేదు. బాబును స్కూల్ వ్యాన్ 3:45కు సందు మొదట్లో దింపుతుంది. కింది ఇంటి ఆమె పైకి తెచ్చి వదిలేది. గత నెల వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు. ఇప్పుడు కిరాణా కొట్టు ఆయన్ని బతిమాలి అక్కడ కూర్చోబెడుతున్నాం. మూడున్నర అయితే చాలు, నాకు చేతులు ఆడవు. మా ఆయనకు టూ వీలర్ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. తొమ్మిదికి తెరుస్తారు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా షట్టర్ దించి ఇంటికొచ్చి పడుకుంటారు, మళ్ళీ రాత్రి తొమ్మిదిన్నర దాకా షాపే. నెలాఖరులో క్లెయిములు ఎక్కువ, రాత్రి తొమ్మిదికి కూడా ఆసుపత్రి నుంచి ఫోన్లు వస్తాయి. మొన్న నన్ను ఇన్‌ఛార్జ్‌గా ఉండమంటే వద్దన్నాను. ఒకప్పుడు రిజెక్ట్ అయిన క్లెయిమ్ వస్తే ఎందుకయిందో తెలిసేదాకా వదిలేదాన్ని కాదు. ఇప్పుడు పక్కన పెట్టేస్తున్నాను. పోయిన ఆదివారం బాబు హోంవర్క్ పుస్తకం తెచ్చి చూపిస్తే, తల ఎత్తకుండా “అక్కడ కూర్చోండి, పిలుస్తాం” అన్నాను. వాడు పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మానేద్దామని ఉంది. మా ఆయన్ని అడిగితే “నీ ఇష్టం” అన్నారు. నాకు బద్ధకం పట్టిందా అమ్మా? మానేస్తే తప్పా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఆ కుర్చీ దగ్గర ఆగిపోయానమ్మా. కన్నతల్లి ‘కూర్చోండి’ అంటే ఆరేళ్ళ పిల్లాడు ఎదురు చెప్పకుండా పోయి కూర్చున్నాడు. ఎవరికైనా నిద్ర పట్టదు. బద్ధకం మాట మాత్రం మరిచిపోండి. బద్ధకస్తురాలు పక్కన పెట్టిన క్లెయిమ్‌ను తలుచుకుని బాధపడదు.

నేను రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో 21 ఏళ్ళు సంక్షేమాధికారిగా చేశాను. 500 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న చోట అలాంటి ఉద్యోగి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆడపిల్లల రాజీనామా కాగితాలన్నీ నా టేబుల్ మీదుగానే పైకి పోయేవి. దాదాపు అన్నిటిలో ఒకే వాక్యం: ‘సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను.’ కూర్చోబెట్టి, టీ తెప్పించి, “ఆ సొంత కారణం ఏంది తల్లీ?” అని అడిగితే మొదట కళ్ళు దించుకునేవాళ్ళు. పావుగంట తర్వాత అసలు సంగతి బయటికొచ్చేది. ఐదింటి బస్సు తప్పితే ఏడింటి దాకా బస్సు లేదు. అంగన్‌వాడీ మూసే వేళకు బిడ్డను తెచ్చే మనిషి లేదు. షిఫ్టు మారిందని ముందురోజు రాత్రి చెప్పారు. వీటిలో సొంతం ఏముంది? బస్సు ఆమె సొంతమా, షిఫ్టు ఆమె సొంతమా?

ఇంకోటి కూడా చూశాను. వాళ్ళలో ఎవరూ ఒక్క రోజులో మానలేదు. కాగితం రాయడానికి నెలల ముందే మనసు కొంచెం కొంచెంగా పనిలోంచి తప్పుకునేది. మీటింగులో నోరు విప్పదు. కొత్త మిషను నేర్చుకుంటావా అంటే వద్దంటుంది. పై పోస్టు ఇస్తామంటే ఇంకొకరి పేరు చెబుతుంది. పనిలో మనసు ఉందా లేదా కొలవడానికి నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో విల్మార్ షావుఫెలి, ఆయన తోటివాళ్ళు 2002లో మూడు గుర్తులు పెట్టారు: పని చేసే ఉత్సాహం, ఈ పనికి విలువ ఉందన్న నమ్మకం, పనిలో మునిగిపోవడం. రిజెక్ట్ అయిన క్లెయిమ్ వెంట పడినన్నాళ్ళూ ఈ మూడూ మీలో ఉన్నాయి. ఇప్పుడు మూడున్నరకే గడియారం వైపు చూసే మనిషి దేంట్లో మునగగలుగుతుంది?

1985లో అమెరికాలో జెఫ్రీ గ్రీన్‌హాస్, నికొలస్ బ్యూటెల్ అనే ఇద్దరు ఉద్యోగానికీ ఇంటికీ మధ్య గొడవ మూడు దారుల్లో వస్తుందని రాశారు. ఒకటి సమయం: ఒకే వేళకు రెండు చోట్ల ఉండాలి. అది మీ 3:45. రెండోది టెన్షన్: ఒక చోట పడిన అలసట రెండో చోటికి వెంట వస్తుంది. మూడోది తీరు: ఒక చోట పనికొచ్చే పద్ధతి రెండో చోట గాయం చేస్తుంది. కౌంటర్ ముందు యాభై మంది నిలబడ్డప్పుడు ‘కూర్చోండి, పిలుస్తాం’ అన్నది మర్యాద. అదే మాట బిడ్డ మీద పడితే ఏమవుతుందో మీరు చూశారు. ఆ రోజు మీ ప్రేమకు లోటేమీ రాలేదమ్మా, ఆసుపత్రి మీతోపాటు ఇంటికి వచ్చింది, అంతే. ఆ సాయంత్రమే వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ‘తప్పయింది నాన్నా’ అని ఉంటే మంచిది. లేకపోతే ఇవాళ అనండి. పిల్లలు మరిచిపోయారని మనం అనుకుంటాం, వాళ్ళు మరిచిపోరు.

నేను కూడా ఒకసారి ఆ వాక్యమే రాశాను. 1993లో ఒక మిల్లులో టైమ్ ఆఫీసులో గుమాస్తాగా ఉండేదాన్ని. పాపకు రెండేళ్ళు. మా అమ్మ ఊరికి పోయింది, మళ్ళీ వచ్చే వీలు లేదు. 30 మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని అప్పటికే చట్టంలో ఉంది. మా మిల్లులోనూ ఆ గది ఉంది, గోడ మీద బోర్డు కూడా ఉంది. తాళంచెవి మాత్రం వాచ్‌మన్ దగ్గర. లోపల విరిగిన కుర్చీలు, పాత రికార్డులు. రోజూ ఆ గది ముందు నుంచే నడిచిపోయేదాన్ని. ‘ఈ గది తెరవండి సార్’ అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో అని భయం. నెల జీతం తీసుకుని సొంత కారణాలని రాసిచ్చి ఇంటికొచ్చేశాను. నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం వెతుక్కుంటే, నేను పని నేర్పిన అమ్మాయి కింద, ఆమె కంటే తక్కువ జీతానికి చేరాను. ఆ అమ్మాయి మంచిది, ఎప్పుడూ నొప్పించలేదు. అయినా ఆ నాలుగేళ్ళు నాకు తిరిగి రాలేదు. బిడ్డతో ఇంట్లో ఉన్నందుకు నాకు బాధ లేదు. అడగకుండా వచ్చేసినందుకు ఇప్పటికీ ఉంది.

అందుకే మిమ్మల్ని అడగమంటున్నాను. మొదట మీ ఇంట్లో అడగండి. మీ వారు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఇంట్లోనే ఉంటారని మీరే రాశారు. వ్యాన్ వచ్చేది 3:45కు. ఈ రెండు వాక్యాలూ ఒకే ఉత్తరంలో, ఐదారు వరుసల తేడాతో ఉన్నాయి. అయినా వాటిని కలిపి చూడాలని మీకు తోచలేదు. మీ తప్పని అనడం లేదు, మనందరికీ అలాగే అలవాటయింది. ఆయన వ్యాన్ రావడానికి పదిహేను నిమిషాల ముందు లేచి, సందు మొదట్లో నిలబడి, బాబు బ్యాగు భుజాన వేసుకుని రెండంతస్తులు ఎక్కితే మీకు మూడున్నర గండం గడుస్తుంది. కేంద్ర గణాంకాల శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి పనిలో చేయి పెట్టే మగవాళ్ళు 88 నిమిషాలు. అదీ చేయి పెట్టేవాళ్ళ లెక్క. మీ వారిని మీరు అడిగేది పదిహేను నిమిషాలు.

అడిగేటప్పుడు ‘కొంచెం సాయం చేయండి’ అనకండి. సాయం అంటే పని మీదే అవుతుంది, ఆయన వీలున్న రోజు వస్తారు, వీలు లేని రోజు రారు. మళ్ళీ మూడున్నరకు ‘లేచారా?’ అని మీరే ఫోన్ చేయాలి. ‘సోమవారం నుంచి వ్యాన్ మీది’ అని చెప్పండి. షాపుకు సరుకు తెచ్చినట్టు, కరెంటు బిల్లు కట్టినట్టు, అది ఆయన ఖాతాలో ఉండాలి. ‘నీ ఇష్టం’ అన్న మాటకు కూడా జవాబు చెప్పండి. ఆయన మంచి మనసుతోనే అని ఉండొచ్చు. కానీ ఆ మాటతో నిర్ణయం, దాని బరువు, రేపు డబ్బు చాలకపోతే వచ్చే నింద అన్నీ మీ మీదికి వస్తాయి. ‘నా ఇష్టం కాదండీ, మన ఇల్లు, ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం’ అనండి. మీ జీతం పోతే అద్దె, స్కూలు ఫీజు, పాప పాలు ఎక్కడి నుంచి వస్తాయో కాగితం మీద రాయించండి.

ఆసుపత్రి సంగతి వేరు. ఇల్లు ఆఫీసులోకి రావడానికి మందు ఇంట్లో ఉంది. ఆఫీసు ఇంట్లోకి రావడానికి మందు ఆఫీసులోనే అడగాలి. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ఎవరు ఎత్తాలో వంతులు వేయమని లెటర్ ఇవ్వండి. నోటి మాటగా చెబితే గాలికి పోతుంది. నెలాఖరు నాలుగు రోజులు ఉంటాను, మిగతా రోజులు ఉండను అని లెక్కతో రాయండి. ఇంకొక మాట: 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థ క్రెష్, అంటే పిల్లల గది సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇది చేర్చారు, తర్వాత వచ్చిన సామాజిక భద్రత స్మృతిలోనూ ఉంది. మీ ఆసుపత్రిలో ఆ సదుపాయం ఉందా అని అడగండి. మీ ఒక్కరి పేరుతో అడగడం కష్టమైతే నర్సులను కలుపుకోండి. చంటిబిడ్డలున్న తల్లులు వాళ్ళలో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

ఇన్‌ఛార్జ్ పోస్టు ఇంకా ఖాళీగా ఉందేమో కనుక్కోండి. భారం పెరుగుతుందని వద్దన్నారు, నాకు అర్థమవుతోంది. కానీ డెస్క్‌లో ఎవరికి ఏ డ్యూటీ అని రోస్టర్ వేసేది సాధారణంగా ఇన్‌ఛార్జే. ఫోన్ల వంతులు నిర్ణయించేదీ ఆ మనిషే. ఇప్పుడు ఆ కాగితం ఇంకొకరు రాస్తున్నారు, మీరు దాని ప్రకారం పరుగెడుతున్నారు.

మానేస్తే తప్పా అన్నారు. తప్పు కాదు. ఇవన్నీ అడిగి, రెండు నెలలు చూసి, అప్పటికీ కుదరకపోతే మానండి. అప్పుడు కూడా ఆ కాగితంలో సొంత కారణాలని రాయకండి. ‘రాత్రి ఫోన్లకు వంతులు వేయమని ఫలానా తేదీన లెటర్ ఇచ్చాను, వేయలేదు’ అని రాయండి. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చే అమ్మాయికి అది పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. ల్యాబ్‌లో, ప్యాకింగ్‌లో ఆడపిల్లలు బాగా పనిచేస్తారు. కానీ పెళ్ళయితేనో, బిడ్డ పుడితేనో మానేస్తున్నారు. మా మేనేజ్‌మెంట్ ‘ఇక మగపిల్లలనే తీసుకోండి, ఆరు నెలల ప్రసూతి జీతం ఎవరిస్తారు’ అంటోంది. తోతాపురి సీజన్‌లో ఓవర్‌టైమ్ తప్పదు. వాళ్ళు ఉండరు, లారీలు ఆగవు. అందరికీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కడుతున్నాం. నేనేం చేయాలి?
– ఒక సోదరుడు, చిత్తూరు

జవాబు: ఈ ప్రశ్న అడగాలనుకున్నందుకే మీ మీద గౌరవం కలిగింది బాబూ. ముందు మీ మేనేజ్‌మెంట్ భయం తీర్చండి. ఈఎస్‌ఐ పరిధిలో, అంటే నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, కావలసినన్ని రోజుల చందా పడిన ఉద్యోగికి 26 వారాల ప్రసూతి ప్రయోజనం ఈఎస్‌ఐ సంస్థే ఇస్తుంది. మీ కంపెనీ జేబులోంచి పోదు. నెలనెలా చందా కడుతూ కూడా ఈ సంగతి తెలియని యజమానులను నేను చాలామందిని చూశాను. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమన్నది కూడా వాళ్ళ చెవిన వేయండి.

‘పెళ్ళయితే మానేస్తారు’ అన్నది మీరు వాళ్ళను అడిగి తెలుసుకున్నదా, లేక అందరూ అంటుంటే విన్నదా? పోయిన రెండేళ్ళలో మానేసిన వాళ్ళ పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ‘ఏం ఉంటే నువ్వు ఉండేదానివమ్మా?’ అని ఒకటే ప్రశ్న అడగండి. జవాబులో పెళ్ళి కంటే ఓవర్‌టైమే ఎక్కువ సార్లు వినిపిస్తుందని నా నమ్మకం.

జూన్, జూలైలో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు మామిడి ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడతాయని నాకు తెలుసు. కాయ ఆగదు, నిజమే. కానీ ఎన్ని లోడ్లు వచ్చాయో మీకు మధ్యాహ్నానికే ఒక అంచనా ఉంటుంది. అలాంటప్పుడు ‘ఈ రోజు రాత్రి తొమ్మిది దాకా’ అన్న మాట సాయంత్రం ఐదున్నరకే ఎందుకు బయటికి రావాలి? చంటిబిడ్డ తల్లికి పని గంటలు ఎక్కువైనందుకు వచ్చే ఇబ్బంది కంటే, ముందు చెప్పనందుకు వచ్చేది ఎక్కువ. మధ్యాహ్నం పన్నెండుకు చెబితే అమ్మకో, చెల్లెలికో ఫోన్ చేసుకుంటుంది. ఐదున్నరకు చెబితే ఇంట్లో గొడవ, ఆ గొడవలో ‘ఆ ఉద్యోగం మానెయ్’ అన్న మాట. 2023లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ తన దేశం అమెరికా గురించి ఇలాంటిదే చూపించారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఎంతసేపు ఉండమంటే అంతసేపు ఉండేవాళ్ళకే ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాల్లో, బిడ్డ పుట్టాక ఆడవాళ్ళు వెనకబడిపోతారు. చదువు, తెలివి తక్కువై కాదు.

బస్సు సంగతి కూడా చూడండి. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ బాధ పోయింది. కానీ రాత్రి తొమ్మిదికి మీ గేటు బయట నిలబడిన అమ్మాయికి తన పల్లెకు పోయే బస్సే లేకపోతే ఉచితం ఉపయోగపడదు. ఓవర్‌టైమ్ ఉన్న రోజు వ్యాన్ పెట్టండి. వ్యాన్ ఖర్చు పక్కన ఇంకో లెక్క వేసి మేనేజ్‌మెంట్‌కు చూపించండి: ల్యాబ్ పరీక్షలు సరిగ్గా చేయడం కొత్త మనిషికి నేర్పడానికి మీకు ఎన్ని వారాలు పడుతోంది, ఆ వారాల్లో ఎంత సరుకు వెనక్కి వచ్చింది? ఆ అంకెలు మీ దగ్గరే ఉన్నాయి, నా దగ్గర లేవు.

ప్రశ్న: అమ్మా, మాది పుత్తూరు. నాకు 61 ఏళ్ళు. కోడలు శ్రీసిటీలో ఒక కంపెనీకి పోతుంది. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. మూడేళ్ళ మనవరాలిని నేనే చూస్తాను, వంట కూడా నాదే. ‘కోడల్ని పనికి పంపి నువ్వు గిన్నెలు తోముతున్నావా’ అని వీధిలో అంటున్నారు. నడుము నొప్పిగా ఉంటోంది. కోడలు మాత్రం బంగారం. పని మానెయ్ అని చెప్పాలంటే నోరు రావడం లేదు. చెప్పాలా?
– ఒక అత్త, పుత్తూరు

జవాబు: చెప్పకండమ్మా. మీ నోరు రాకపోవడంలోనే మీ మంచితనం ఉంది. వీధిలో వాళ్ళు తోమిన గిన్నెలను చూస్తారు. మీ కోడలు ఉద్యోగంలో నిలబడి ఉందంటే అది మీ నడుము మీదేనని చూడరు. ఈ జిల్లాలో ఏ కంపెనీ రిజిస్టర్‌లోనూ మీ పేరు ఉండదు కానీ, మీలాంటి అవ్వలు ఒక వారం ఊరికి పోతే సగం షిఫ్టులకు మనుషులు చాలరు.

అయితే మీ నొప్పి దాచుకోకండి. ‘ఏమీ లేదు, బాగానే ఉన్నా’ అంటూ మీరు లాగిస్తే, ఒకరోజు మీరు మంచం పడతారు, ఆ మర్నాడే కోడలు మానేస్తుంది. మీ ఉత్తరం నిండా కోడలు ఉంది, మనవరాలు ఉంది, వీధి ఉంది. మీ కొడుకు ఒక్కచోట కూడా లేడు. ఆయన ఏం చేస్తున్నాడమ్మా? రాత్రి గిన్నెలు ఆయనకు ఇవ్వండి. మొదటి వారం జిడ్డు వదలదు, మళ్ళీ తోమాలనిపిస్తుంది, మీరు మాత్రం లేవకండి. మనవరాలికి మూడేళ్ళంటే అంగన్‌వాడీకి పంపే వయసే. పొద్దున ఆ కొన్ని గంటలు మీరు నడుము వాల్చండి.

కోడలి వారం సెలవు ఏ రోజైతే ఆ రోజు మీకూ సెలవు. ఆ మాట కోడలు, కొడుకు ఇద్దరూ కూర్చున్నప్పుడు, మనవరాలు నిద్రపోయాక, ఈ రాత్రే చెప్పండి.